ఇరవై నలుగురు బావలు

భయపడటానికి పిట్ట వాళ్లమ్మకు కారణం అక్కర్లేదు. గ్యాస్ కట్టేశానో లేదోనని వీధి మలుపు దాకా వెళ్లి వెనక్కి వచ్చేది. తాళం పడిందో లేదోనని అదే మలుపు నుంచి మళ్లీ వచ్చేది. ఫోన్ మోగితే ఎవరికో ఏదో అయిందనుకునేది. మోగకపోతే, చెప్పడానికి కూడా ఎవరూ మిగల్లేదనుకునేది. ఇంట్లోవాళ్లు దీనికి ఎంత అలవాటు పడిపోయారంటే, ఆవిడ "అయ్యో!" అంటే ఎవరూ కంచంలోంచి తల కూడా ఎత్తేవారు కాదు.

ఆవిడ భయాల్లో ఒకటి మాత్రం న్యాయమైనది. ఆవిడ భర్త రంగుల మేస్త్రి. పెద్ద పెద్ద మేడలకు బయటివైపు రంగులు వేస్తాడు. పైనుంచి రెండు మోకులు వదిలి, వాటికి ఒక చెక్క కట్టుకొని, దానిమీద కాళ్లు వేలాడేసుకొని కూర్చుని, ఈల వేస్తూ గోడ పొడుగునా దిగుతాడు. ఆరో అంతస్తు దగ్గర ఆ మనిషికి ఆధారం ఆ రెండు మోకులే. ముప్ఫై ఏళ్లుగా ఆ మోకులు పేనుతున్నది ఆవిడ తమ్ముడు.

"నా ప్రాణం బావమరిది చేతిలో ఉంది, నా మనశ్శాంతి వాళ్లక్క చేతిలో ఉంది. ప్రాణానికే ఢోకా లేదు" అనేవాడు మేస్త్రి.

తమ్ముడు పనిచేసే తాళ్ల షెడ్డు తొంభై ఆరు అంగల పొడుగు. ఈ చివర చక్రం, ఆ చివర వెనకవీధిలోకి తలుపు. చక్రం తిప్పేవాడొకడు. నార నడుముకు చుట్టుకొని, చక్రం దగ్గర మొదలుపెట్టి, వేళ్ల సందుల్లోంచి నార వదులుతూ వెనక్కి వెనక్కి నడిచేవాడు ఇంకొకడు. వెనక తలుపు చేరేసరికి ఒక పాయ తయారవుతుంది. అలాంటివి మూడు పాయలు పెనవేస్తే ఒక మోకు. ఎన్ని తిప్పులు తిప్పాలో, ఎంత నెమ్మదిగా నడవాలో చెప్పడానికి అక్కడ గడియారం లేదు, లెక్క రాసే పలక లేదు. పాట ఉంది.

ఆ పాటలో ఒక ఇంటికి బావలు వస్తుంటారు.

"ఒకటో బావొచ్చె, వసారా ఎక్కె,
ఊరక రాడమ్మ, గొడుగడిగె!"

రెండో బావ చెప్పులడుగుతాడు, మూడో బావ మంచమడుగుతాడు, నాలుగో బావ మంచమెక్కే ముక్కాలిపీట అడుగుతాడు. ఇరవై మూడో బావ తలుపులు కూడా ఊడదీసుకుపోతాడు. ఇరవైనాలుగో బావ వచ్చి "ఇక్కడో ఇల్లుండాలే, ఏమైందమ్మా?" అని అడుగుతాడు. బావకు నలభై తిప్పులు, నాలుగు అంగలు. ఇరవైనాలుగో బావ నోరు మూసేసరికి పాట పాడేవాడి వీపు వెనక తలుపుకు తగులుతుంది. ఒక్క బావ తగ్గినా పాయలో పురి తగ్గినట్టే. పాట మొత్తం వచ్చినవాడు ఇప్పుడు తమ్ముడొక్కడే. నార ధూళి ఊపిరితిత్తుల్లోకి పోయిందని, నెలాఖరుకల్లా ఆ పని మానెయ్యాలని డాక్టరు అతనికి చెప్పేశాడు.

ఈ సంగతి విని పిట్టకు ఆలోచన వచ్చింది. పిట్ట అంటే ఆవిడ కూతురు. మనిషి సన్నం, గొంతు మాత్రం వీధి చివరకు వినిపిస్తుంది. జానపద పాటల భాండాగారమనే ఆఫీసులో కెమెరా పని, ఇంకా తాత్కాలికమే. రెండేళ్లుగా అద్దాల బీరువాల్లోని పాత వాయిద్యాలను నాలుగు వైపుల నుంచీ ఫొటోలు తీస్తూ కూర్చుంది. ఇప్పుడు పోటీకి పంపడానికి సొంతంగా ఒక సినిమా తీయమన్నారు.

"మామయ్య పాట తీస్తానమ్మా. మామయ్య మానేసినా పాట ఉంటుంది."

"షెడ్డు నిండా నారే. మీ లైట్ల వేడికి ఒక్క నిప్పురవ్వ పడిందంటే..."

"లైట్లలో నిప్పురవ్వలు ఉండవమ్మా."

"నీకు తెలియదు. నువ్వు పుట్టకముందు మన పక్కింట్లో..."

"పుట్టకముందు అన్నీ కాలిపోయాయమ్మా, నాకు తెలుసు" అంది పిట్ట, కెమెరా తుడుచుకుంటూ.

ఆవిడ ఆ రోజు షెడ్డుకు వెళ్లకుండా ఉంటుందని ఎవరూ అనుకోలేదు. రెండు బకెట్ల నీళ్లు, ఒక తడిగోనె పట్టుకొని అందరికంటే ముందే వెళ్లింది.

తమ్ముడు ఇస్త్రీ చేసిన తెల్లచొక్కా వేసుకొని నున్నగా గడ్డం గీసుకొని వచ్చాడు. భాండాగారం అధికారి నల్లకళ్లద్దాలు నుదుటి మీదికి తోసి అతణ్ని పైకీ కిందికీ చూశాడు.

"చొక్కా మరీ కొత్తగా ఉందండీ. కొంచెం చిరిగింది ఉంటే సహజంగా ఉంటుంది."

"నాకు చిరిగిన చొక్కాలు లేవండీ" అన్నాడు తమ్ముడు, తప్పు చేసినవాడిలా.

చివరికి వాచ్‌మన్ చొక్కా ఒకటి అరువు తెచ్చారు. అది కూడా సరిపడా చిరగలేదని భుజం దగ్గర కాస్త చింపారు. గోడకున్న ఫ్యాను కనబడకుండా గోనెపట్టా కప్పారు. ప్లాస్టిక్ నీళ్ల డబ్బా తీసేసి కుండ పెట్టారు. కుండ పెట్టిన చోట తమ్ముడు నడవాలి కాబట్టి మళ్లీ కుండా తీసేశారు. అంతా సహజంగా తయారయ్యాక అధికారి అడిగాడు.

"ఈ ఇరవై నాలుగుకు ఏదో అర్థం ఉండే ఉంటుంది. రోజుకు ఇరవై నాలుగు గంటలు... కాలం మనిషిని ఒలుచుకుపోవడం..."

"లేదండీ. ముందు పద్దెనిమిది మందే ఉండేవారు. షెడ్డు వెనక్కి పెంచినప్పుడు మా తాత ఇంకో ఆరుగురు బావల్ని కలిపాడు."

అధికారి రాసుకుంటున్న కలం ఆపి, కాసేపు ఆలోచించి, కాలం గురించే రాసుకున్నాడు.

పాట మొదలైంది. చక్రం తిరిగింది. పిట్ట కెమెరా భుజాన పెట్టుకొని మామయ్యకు ఎదురుగా, పాయ పక్కనే అంగలో అంగ వేసుకుంటూ నడిచింది. పిట్ట వాళ్లమ్మ కళ్లు మాత్రం గోడవార లైటు వైరు మీదే ఉన్నాయి. పద్దెనిమిదో బావ దాటేసరికి వైరు దగ్గర వేడి వాసన వచ్చినట్టనిపించింది. పంతొమ్మిదో బావ వసారా ఎక్కుతుండగా ఆవిడ లేచి ప్లగ్గు పీకేసింది. షెడ్డు చీకటైంది. చక్రం ఆగింది. సగంలో ఆగిన పాయ మళ్లీ అతకదు. దాన్ని తీసి మూలన పడేశారు.

"అమ్మా!"

"వాసన వచ్చిందే!"

"అది నార వాసనమ్మా. తాళ్ల షెడ్డులో తాళ్ల వాసన రాక ఇంకేం వస్తుంది?"

మర్నాడు ఆవిడకు ఒక బాధ్యత అప్పగించారు. గేటు బయట కూర్చొని ఎవరూ లోపలికి రాకుండా చూడాలి. అది తనను బయట పెట్టడానికని ఆవిడకు తెలియకపోలేదు. అయినా కూర్చుంది. లోపల లైట్లు లేకుండా, తలుపులు బార్లా తీసి, ఇరవై నిమిషాల పాట మొత్తం తీశారు. తమ్ముడు వెనక తలుపు చేరాడనగానే ఆవిడ లోపలికి పరుగెత్తి అతని వీపు నిమిరింది. "దగ్గొచ్చిందా? ఛాతీలో పట్టేసిందా?" అంది.

"బాగానే ఉన్నానక్కా. ఈ చొక్కా విప్పేస్తే ఇంకా బాగుంటాను."

సినిమాల పోటీకి అయిదు నిమిషాలు మించకూడదని నియమం. పిట్ట పది రోజులు కంప్యూటరు ముందు కూర్చుంది. బావలందరూ ఒకేలా వస్తున్నారు, ఒకేలా అడుగుతున్నారు. చూసేవాళ్లకు విసుగు. అందుకని మొదటి ఆరుగురు బావల్ని ఉంచి, మిగిలిన పద్దెనిమిది మందినీ తీసేసింది. అతుకు ఎక్కడా తెలియలేదు. చక్రం దగ్గర మొదలైన మామయ్య అయిదు నిమిషాల్లో వెనక తలుపు దగ్గర ఉన్నాడు.

సినిమా వేసిన హాల్లో పిట్ట వాళ్లమ్మ బయటికి దారులు ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టుకొని చివరి కుర్చీలో కూర్చుంది. జనం లేచి చప్పట్లు కొట్టారు. ఒకావిడ కళ్లు తుడుచుకుంది. మొదటి బహుమతి పిట్టకే. ఉద్యోగం ఖాయమైంది. తమ్ముడి వేళ్ల ఫొటోను గోడంత పెద్దది చేసి భాండాగారం వసారాలో తగిలించారు. అందరూ ఆ వేళ్లలో శ్రమసౌందర్యం చూశారు. పిట్ట వాళ్లమ్మకు చూపుడువేలి పక్కన ఉబ్బిన నరం కనిపించింది. మర్నాడే తమ్ముణ్ని డాక్టరు దగ్గరికి లాక్కెళ్లింది.

అంతా బాగానే జరిగింది. అదే ఆవిడకు నచ్చలేదు. అనుకున్నవాటిలో ఒక్క కీడూ జరగలేదంటే, అనుకోనిది ఇంకేదో దారిలో ఉందనే లెక్క.

నాలుగు నెలలు గడిచాయి. తమ్ముడి స్థానంలో షెడ్డులో ఇద్దరు కవలలు చేరారు. ముప్ఫై ఏళ్ల మనుషులు, పని దొంగలు కారు. తమ్ముడు నేర్పుతానన్నాడు. "నీకెందుకు మామా శ్రమ, ధూళిలోకి రాకు" అని వాళ్లు ఫోన్‌లో సినిమా చూసి పాట నేర్చుకున్నారు. ఆరుగురు బావలు, అయిదు నిమిషాలు. పెద్దకవల నడుముకు నార చుట్టుకొని సినిమాలో ఉన్నంత చురుగ్గా వెనక్కి నడిచేవాడు, చిన్నకవల చక్రం తిప్పేవాడు. మోకు పొడుగులో బెత్తెడు కూడా తేడా లేదు. షెడ్డు యజమాని పొంగిపోయాడు. "మీ మామ పొద్దంతా చేసిన పని మీరు టీ తాగేలోపు చేసేస్తున్నారయ్యా!" అన్నాడు.

సోమవారం నుంచి మేస్త్రికి తొమ్మిదంతస్తుల మేడ పని. శుక్రవారం సాయంత్రం కొత్త మోకులు భుజాన వేసుకొని ఇంటికి వచ్చి, వసారాలో పడేసి, కాళ్లు కడుక్కోవడానికి వెళ్లాడు. పిట్ట వాళ్లమ్మ మోకు చేతిలోకి తీసుకుంది. తలగడలా మెత్తగా ఉంది. రెండు చేతులతో పట్టుకొని ఎదురు తిప్పింది. జడ విప్పినట్టు మూడు పాయలూ విడిపోయాయి. పాయను తిప్పింది. నార విడిపోయింది.

"అయ్యో!" అంది.

ఎవరూ తల ఎత్తలేదు.

"ఏవండీ, ఈ మోకులో పురి లేదు."

"కొత్తది కదే, మెత్తగానే ఉంటుంది."

"మెత్తనకీ వదులుకీ తేడా నాకు తెలియదా? తాళ్లవాళ్లింట్లో పుట్టాను."

"పోయినసారి మోకు మరీ గట్టిగా ఉందని, పుటుక్కుమంటుందని ఏడ్చావు" అన్నాడు మేస్త్రి, తువ్వాలుతో మొహం తుడుచుకుంటూ. అది నిజమే. ఏడ్చింది. అందుకని వాదన మాని, మోకు కొస ఒక ముక్క కోసి సంచిలో వేసుకుంది.

శనివారం పొద్దున్నే షెడ్డుకు వెళ్లింది. కవలలు మర్యాదస్తులు, స్టూలు వేసి కూర్చోబెట్టారు.

"బావలు ఎంతమందిని పాడుతున్నారురా మీరు?"

"ఆరుగురు, అత్తా."

"ఇరవై నలుగురు."

కవలలు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. పెద్దకవల ఎంతో ఓపిగ్గా ఫోన్ తీసి చూపించాడు. "చూడత్తా. ఇదిగో మామ. ఇదిగో చక్రం. ఇదిగో ఆరో బావ. ఇదిగో వెనక తలుపు. బహుమతి వచ్చిన సినిమా. ఇందులో తప్పెందుకుంటుంది?"

"అది నా కూతురు కత్తిరించిందిరా!"

"మామ మొన్న స్టేజీ మీద కూడా ఆరుగురినే పాడాడత్తా" అన్నాడు చిన్నకవల.

ఆవిడ స్టూలు మీంచి లేచింది. అక్కడినుంచి నేరుగా తమ్ముడి ఇంటికి నడిచింది. తమ్ముడు అద్దం ముందు నిలబడి ఉన్నాడు. సినిమా వచ్చినప్పటినుంచి అతణ్ని పాడమని సభలకు పిలుస్తున్నారు. ఈ రోజూ ఏదో సభకు పిలిచారట. వాచ్‌మన్ చొక్కా, భుజం దగ్గర చిరిగింది, ఉతికి ఇస్త్రీ చేసి వేసుకున్నాడు.

"ఒరే, బావల పాట మొత్తం పాడు."

"ఇప్పుడా? సభలో అయిదు నిమిషాలే ఇచ్చారక్కా."

"మొత్తం పాడరా."

తమ్ముడు నవ్వుతూ మొదలుపెట్టాడు. గొడుగు, చెప్పులు, మంచం, ముక్కాలిపీట. ఎనిమిదో బావ దాకా వచ్చాడు. తొమ్మిదో బావ వసారా ఎక్కాడు. ఎక్కి, అక్కడే నిలబడిపోయాడు. ఏమడగాలో అతనికి గుర్తు రాలేదు. తమ్ముడు మళ్లీ మొదటి నుంచి అందుకున్నాడు. మళ్లీ తొమ్మిదో బావ దగ్గరే ఆగింది. నవ్వు పోయింది. 

"అక్కా... ముప్ఫై ఏళ్లు పాడానే."

ఆవిడ సంచిలోంచి మోకు ముక్క తీసి తమ్ముడి చేతిలో పెట్టింది. అతను దాన్ని ఒక్కసారి తిప్పి చూసి, కుర్చీ కోసం వెనక్కి తడుముకున్నాడు.

"బావ దీనిమీద ఎక్కుతాడా?"

"సోమవారం."

ఇంటివాళ్లలో తనతోపాటు ఇంకొకరు భయపడటం ఆవిడ జన్మలో అదే మొదటిసారి. చెప్పుకుంటే సిగ్గుచేటు గానీ, ఆవిడకు కొంచెం ప్రాణం కుదుటపడింది.

అక్కాతమ్ముళ్లు వెళ్లేసరికి పిట్ట ఆఫీసులోనే ఉంది. విషయం విని ముందు చిరాకుపడింది. "అమ్మా, అది డాక్యుమెంటరీ. తాళ్లు పేనడం నేర్పే పాఠం కాదు." ఆ తర్వాత మామయ్య చేతిలోని మోకు ముక్క చూసింది. అతను దాన్ని ఆమె బల్లమీద పెట్టి విప్పాడు, అంతే. పిట్ట ఆ పీచును వేళ్లతో నలిపి చూసింది.

"మొత్తం పాట ఉంది మామయ్యా. భాండాగారంలో భద్రంగా దాచాం."

భద్రంగా అంటే నిజంగానే భద్రంగా. బయటికి తీయాలంటే దరఖాస్తు పెట్టాలి. దరఖాస్తులో "ఉద్దేశం" అనే చోట పరిశోధన, బోధన, ప్రదర్శన అని మూడే గడులున్నాయి.

"తాడు పేనడానికి అని రాయవే" అంది తల్లి.

"ఆ గడి లేదమ్మా." పిట్ట పరిశోధన దగ్గర టిక్కు పెట్టింది. అధికారి సంతకం చేస్తూ, పాట మీద ఇంకా పరిశోధన జరుగుతున్నందుకు సంతోషం వెలిబుచ్చాడు.

మధ్యాహ్నం మూడింటికి అందరూ షెడ్డులో ఉన్నారు. ధూళి లోపలికి పోకుండా పిట్ట వాళ్లమ్మ తమ్ముడి ముక్కుకీ నోటికీ తడిగుడ్డ కట్టింది. కడితే పాడలేడని విప్పింది. చివరికి, నడిచేది అతను, పాడేది ఫోన్ అని తేలింది. పిట్ట ఫోన్‌ను స్పీకరుకు కలిపింది. చిన్నకవల చక్రం పట్టుకున్నాడు. తన గొంతు తనకే దారి చెబుతుంటే తమ్ముడు నార వదులుతూ వెనక్కి కదిలాడు. తొమ్మిదో బావ వసారా ఎక్కి రోకలి అడిగాడు.

"రోకలి! రోకలి కదూ!" అని తమ్ముడు నడుస్తూనే తల కొట్టుకోబోయాడు, చేతులు ఖాళీ లేవు.

పద్నాలుగో బావ నిచ్చెన అడిగి వెళ్లాక స్పీకర్లోంచి ఎవరిదో గొంతు, "సార్, బయట హారన్ వచ్చింది, ఈ చరణం ఇంకోసారి" అంది. ఆ రోజు మైకు పట్టుకున్నవాడిది. వెంటనే పద్నాలుగో బావ మళ్లీ వచ్చి, మళ్లీ నిచ్చెన అడిగాడు.

"ఇది లెక్క కాదు. ఆ రోజు దీనికి నిలబడే పాడాను, చక్రం ఆపించాను" అన్నాడు తమ్ముడు.

కానీ చిన్నకవల చక్రం ఆపలేదు. పాట వస్తుంటే చక్రం ఆపకూడదని అతనికి ఎవరో నేర్పి ఉంటారు, బహుశా ఆ మధ్యాహ్నం తమ్ముడే. చక్రం తిరుగుతుంటే నడిచేవాడు నిలబడకూడదు, పాయ మెలికపడుతుంది. తమ్ముడు నడిచాడు. గోడ పక్కన పెద్దకవల సుద్దముక్కతో ఒక్కో గీత గీస్తున్నాడు.

"ఇరవై అయిదుగురు మామా."

"ఇరవై నలుగురేరా. ఆ నిచ్చెన బావ ఒక్కసారే వస్తాడు."

"రికార్డులో రెండుసార్లు ఉంది" అన్నాడు పెద్దకవల. పోయినసారి తప్పు చేశామన్న బాధ అతని మొహంలో కనిపిస్తూనే ఉంది. ఈసారి ఒక్క అక్షరం వదలదలచుకోలేదు.

ఇరవైమూడో బావ తలుపులు ఊడదీసేసరికి తమ్ముడి వీపు వెనక తలుపుకు తగిలింది. ఇంకా ఒక బావ ఉన్నాడు. పిట్ట వాళ్లమ్మ ఒక్క ఉదుటున గడియ తీసి తలుపు బార్లా తెరిచింది. అవతల వెనకవీధి. వీధిలో సామాన్ల వ్యాను ఒకటి వస్తోంది. ఆవిడ వీధి మధ్యకు వెళ్లి రెండు చేతులూ చాచి నిలబడింది.

డ్రైవరు బ్రేకు వేసి తల బయటపెట్టాడు. "ఏంటమ్మా, చావాలనుందా?"

"ఆగు బాబూ. ఒక బావ మిగిలాడు."

నడుముకు నార చుట్టుకున్న మనిషి ఒకడు వీపు ముందుగా వీధిలోకి ఒక్కో అంగా వేసుకుంటూ రావడం చూసి డ్రైవరు ఇంజను ఆపేశాడు. ఇరవైనాలుగో బావ వచ్చి, ఇక్కడో ఇల్లుండాలే, ఏమైందని అడిగాడు. పాట ఆగింది. మొదటి పాయ అయింది. మూడు పాయలకు మూడుసార్లు, రెండో మోకుకు ఇంకో మూడుసార్లు, చీకటి పడేదాకా ఆవిడ అలా వీధికి అడ్డం నిలబడింది. సైకిళ్లవాళ్లు తిట్టుకుంటూ పక్కనుంచి పోయారు. మూడో పాయ నుంచి తమ్ముడికి ఆయాసం వస్తే పెద్దకవల అందుకున్నాడు, తమ్ముడు పక్కన నడుస్తూ చేతులు చూపించాడు. పిట్ట కెమెరా తేలేదు. పాయ పట్టుకుంది. అరచేయి బొబ్బలెక్కింది. దాన్ని చూసి తల్లి ఏమీ అనకపోవడం పిట్టకు వింతగా తోచింది.

మేస్త్రి వెతుక్కుంటూ వచ్చేసరికి మోకులు చుట్ట చుడుతున్నారు. ఒక కొస పట్టుకొని ఎదురు తిప్పాడు. కదల్లేదు. బలంగా తిప్పాడు. కదల్లేదు. అతను ఈల వేయబోయి మానేశాడు. భార్య వైపు చూశాడు, మళ్లీ మోకు వైపు చూశాడు.

"బాగుంది" అన్నాడు చివరికి. "కానీ పొడుగు ఎక్కువుందేమిటి?"

"ఒక బావ ఎక్కువయ్యాడు బావా. ఉండు, కోసేస్తాను" అంటూ తమ్ముడు కత్తి తీశాడు.

పిట్ట వాళ్లమ్మ వెళ్లి రెండు చుట్టల మీదా చీర సర్దుకొని కూర్చుంది.

"ఆ బావను ముట్టుకోకు" అంది. "మీ బావ దిగి నేలమీద కూర్చున్నాక కూడా మోకు ఇంకా మిగలాలి."